ఆ కళాశాలకు ఆసుపత్రి ఏది?



ఇంటర్మీడియట్ ఫలితాలు వెలువడిన మరునాటినుండి మా వీధికి కరపత్రాల ఋతువు వస్తుంది. వార్తాపత్రిక మడతలో ఒకటి, గేటు సందులో ఒకటి, ఆటో వెనుక అద్దం మీద మరొకటి. డీఎంఎల్‌టీ, ఎక్స్‌రే టెక్నీషియను, డయాలసిస్ టెక్నీషియను, అనస్థీషియా టెక్నీషియను, ఈసీజీ, క్యాథ్‌ల్యాబు అంటూ వరుసగా పేర్లు. హోటలు గోడ మీది ఫలహారాల పట్టిక కూడా ఇంత ఉదారంగా ఉండదు. దిగువన "నూటికి నూరుపాళ్లు ఉద్యోగ హామీ", "ఫీజు రీయింబర్స్‌మెంటు కలదు, మీరు ఒక్క రూపాయి కట్టనక్కరలేదు" అని పెద్ద అక్షరాలు. భవనం బొమ్మ ఉంటుంది. తెల్లకోటు వేసుకొని నవ్వుతున్న అమ్మాయి బొమ్మ ఉంటుంది. ఆ బొమ్మలోని అమ్మాయి ఏ ఆసుపత్రిలో, ఎవరి పర్యవేక్షణలో, ఎన్ని గంటలు రోగి పక్కన నిలబడి పని నేర్చుకొంటుందన్నది మాత్రం ఎక్కడా కనబడదు.

తెలుగు పండితుడిగా జీవితమంతా సంధులూ సమాసాలూ చెప్పిన వాడికి ఈ ప్రస్తావన ఎందుకని మీలో కొందరికి అనిపించవచ్చు. మా ఊళ్లో పిల్లవాడిని ఏ చదువుకు పంపాలన్నా ఇప్పటికీ ముందుగా వచ్చేది బడిపంతులు ఇంటికే. వచ్చినవారికి నేను చెబుతున్న మాటనే ఇక్కడ నలుగురి ముందూ పెడుతున్నాను. వైద్యసాంకేతిక విద్యకు పాఠశాలను ఎంచుకొనవలసింది భవనాన్ని చూచి కాదు, ఉద్యోగ హామీని చూచి కాదు, దాని వెనుక ఉన్న ఆసుపత్రిని చూచి. ఆసుపత్రి లేని వైద్యసాంకేతిక కళాశాల చెరువు లేని ఈతబడి. అందులో చేరినవాడు మునిగితే వాడి దురదృష్టమని సరిపెట్టుకోవచ్చు. ఇక్కడ మునిగేవాడు రోగి.

ఇంత సులువైన ప్రశ్నను తల్లిదండ్రులు ఎందుకు అడగడం లేదు? నిరక్షరాస్యత అంటే నేనొప్పుకోను. పశువును కొనేటప్పుడు పళ్లు లెక్కపెట్టి, నాలుగడుగులు నడిపించి చూచే రైతు కుమార్తె చదువు విషయంలో కళ్లు మూసుకొంటున్నాడంటే కారణం తెలివి లేకపోవడం కాదు. ఈ చదువును మనం మిగులు చదువుగా లెక్కవేశాము. నీట్‌లో ర్యాంకు వస్తే వైద్యుడు. రాకపోతే దంతవైద్యమో, పశువైద్యమో, ఫార్మసీయో. అదీ కాకపోతే "ఏదో ఒక ల్యాబు కోర్సులో పడేద్దాం". ఆ 'పడేద్దాం' అన్న క్రియాపదంలోనే మన పాపమంతా ఉన్నది. పడేసే వస్తువుకు ఎవరూ చోటు వెదకరు. ఆ నిర్లక్ష్యం మీదనే ఈ దుకాణాలు బ్రతుకుతున్నాయి.

ఆ 'ఏదో ఒక' పని ఎటువంటిదో చూద్దాం.

ఒక వృద్ధురాలు చక్కెర పరీక్షకు వచ్చింది. ల్యాబులోని కుర్రవాడు "ఫాస్టింగేనా?" అని అడిగాడు. ఆమె తల ఊపింది. ఆమె టిఫిను తినలేదు, నిజమే. బస్సెక్కే ముందు చక్కెర వేసిన టీ తాగింది. ఆమె దృష్టిలో టీ ఆహారం కాదు. "పరగడుపున వచ్చావా అమ్మా? కాఫీ, టీ ఏమైనా తాగావా?" అని రెండు తెలుగు మాటలు అడగడం చేతకానందున ఆమెకు లేని మధుమేహం అంటగట్టబడవచ్చు, ఉన్న మందు పెంచబడవచ్చు. ఈ రెండు మాటలు ఏ పాఠ్యపుస్తకంలోనూ దొరకవు. ఓపీ బల్ల దగ్గర నెల రోజులు నిలబడితే వస్తాయి.

పేర్ల సంగతి వినండి. మన ఊళ్లలో ఒక వార్డులో ఇద్దరు వెంకటేశ్వర్లు, ముగ్గురు వెంకటలక్ష్ములు ఉండడం వింత కాదు. ఇంటిపేరు ఒకచోట ముందు వ్రాస్తారు, ఒకచోట వెనుక. ఒకచోట పొడి అక్షరం మాత్రమే. పేరుతోపాటు మరొక గుర్తు, అంటే వయసో, ఆసుపత్రి సంఖ్యో సరిచూడకుండా, మంచం ప్రక్కనే గొట్టం మీద చీటీ అంటించకుండా, నాలుగు గొట్టాలు జేబులో వేసుకొని వచ్చి తీరికగా పేర్లు వ్రాసేవాడు ఒకరి రక్తాన్ని మరొకరిదిగా మారుస్తాడు. ఏ, బీ, ఓ రక్తవర్గాలను లాండ్‌స్టైనర్ 1901లో లోకానికి తెలిపినాడు. నూట ఇరవై ఏళ్లు దాటిన ఆ జ్ఞానమంతా ఒక చీటీ తారుమారైతే వ్యర్థం. తప్పు వర్గపు రక్తం ఎక్కిన రోగి ప్రాణం పోవచ్చు.

గొట్టాల మూతల రంగులు అలంకారానికి పెట్టినవి కావు. ఊదారంగు మూత గొట్టంలో ఉండే ఈడీటీఏ సాధారణంగా పొటాషియం లవణం. ఆ గొట్టం రక్తం పొరపాటున మరొక గొట్టంలో కలిస్తే రోగి ఒంట్లో లేని పొటాషియం రిపోర్టులో పెరుగుతుంది, ఉన్న కాల్షియం తరుగుతుంది. లేతనీలం మూత గొట్టంలో తొమ్మిది పాళ్ల రక్తానికి ఒక పాలు సిట్రేటు. సగమే నింపితే రక్తం గడ్డకట్టే కాలం తప్పుగా వస్తుంది. చక్కెర పరీక్షకు బూడిదరంగు మూత గొట్టం వాడకుండా మామూలు గొట్టంలో తీసి గంటల తరబడి అలా ఉంచితే, రక్తకణాలు గొట్టంలో కూడా చక్కెరను తింటూనే ఉంటాయి కనుక అసలు విలువ తగ్గిపోతుంది. చేతికి రబ్బరు పట్టీ నిమిషం మించి బిగించి ఉంచినా కొన్ని విలువలు మారుతాయి. ఇవన్నీ యంత్రం దగ్గరకు నమూనా చేరక మునుపే జరిగే పొరపాట్లు.

"ఇప్పుడంతా ఆటోఎనలైజర్లే కదా, మీట నొక్కితే ఫలితం వస్తుంది, ఇంత శిక్షణ ఎందుకు?" అనేవారికి ఇదే సమాధానం. ప్రయోగశాలల తప్పులలో ఎక్కువ భాగం యంత్రంలో పుట్టవు. నమూనా తీసే చేతిలో, చీటీ వ్రాసే చేతిలో పుడతాయి. యంత్రానికి అది ఎవరి రక్తమో తెలియదు. తప్పు నమూనా ఇస్తే తప్పు ఫలితాన్ని రెండు దశాంశ స్థానాల వరకు ఎంతో ధైర్యంగా అచ్చువేసి ఇస్తుంది.

ఇక నేను కళ్లారా చూచిన ఒక కళాశాల సంగతి. పేరు అనవసరం. అటువంటివి చాలా ఉన్నవి.

రెండేళ్ల క్రిందట నా పూర్వవిద్యార్థి ఒకడు, ట్రాక్టరు తోలుకొంటూ బ్రతికేవాడు, కుమార్తెను వెంటబెట్టుకొని వచ్చి, "మేస్టారూ, మీరొకసారి వచ్చి చూడండి. అడ్వాన్సు కట్టేశాను, సర్టిఫికెట్లు కూడా ఇచ్చేశాను. కానీ పిల్ల ఎందుకో వెనకాడుతోంది" అన్నాడు. వెళ్లాము. క్రింద టైల్సు దుకాణం, పైన రెండంతస్తులు కళాశాల. గోడ మీద యల్లాప్రగడ సుబ్బారావుగారి నిలువెత్తు చిత్రం. సంతోషించాను. 1895లో భీమవరంలో పుట్టి, హార్వర్డులో ఫిస్కేతో కలిసి 1925లో రక్తంలోనూ మూత్రంలోనూ భాస్వరాన్ని కొలిచే పద్ధతిని లోకానికి ఇచ్చిన మహానుభావుడు. ఆయన పేరుతోనే ఆ పద్ధతిని జీవరసాయన విద్యార్థులు తరతరాలుగా నేర్చుకొన్నారు. రంగు వచ్చేదాకా ద్రావణాలు కలిపి, ఆ రంగు చిక్కదనాన్ని కొలిచి లెక్క కట్టే పద్ధతి అది. చేతితో చేయవలసిన పని. "ఈయన పద్ధతి పిల్లల చేత చేయిస్తారా?" అని అడిగాను. మేనేజరు నవ్వి, "థియరీలో ఉంటుంది సార్" అన్నాడు.

ప్రయోగశాల చూపమన్నాను. గాజుబీరువాలో గుడ్డ కప్పిన సూక్ష్మదర్శిని ఒకటి. తరగతికి నలభై మంది. రెండు గంటల ప్రయోగ తరగతిలో ఒక్కొక్కరి వంతుకు మూడు నిమిషాలు. మలేరియా రక్తపుపూతలో క్రిమి లేదని చెప్పాలంటే నూనె కటకం క్రింద కనీసం నూరు క్షేత్రాలు వెదకాలన్నది నియమం. మూడు నిమిషాలలో కొత్త విద్యార్థికి కటకం సరిగ్గా నిలపడమే కుదరదు. 1897 ఆగస్టు 20న రోనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా క్రిమిని కనిపెట్టింది సికింద్రాబాదు చెంతనున్న బేగంపేటలో. అంతటి వారసత్వమున్న నేల మీద సూక్ష్మదర్శినికి గుడ్డ కప్పి పెడుతున్నాము!

"మీ ఆసుపత్రి ఏది?" అని అడిగాను.

"నాలుగు కార్పొరేటు ఆసుపత్రులతో టయ్యప్పు ఉంది సార్."

"ఒప్పంద పత్రం చూపగలరా?"

"అడ్మిషన్ పూర్తయ్యాక చూపిస్తాం సార్."

"పిల్లలు అక్కడికి ఎప్పుడు వెళతారు?"

"సెకండియర్ చివర్లో సార్. ఇంట్రెస్టున్నవాళ్లు వెళ్తారు."

అంతసేపు మాట్లాడని ఆ పిల్ల అప్పుడు అడిగింది: "సార్, సూది ఎవరికి గుచ్చి నేర్చుకొంటాము?"

"దానికి బొమ్మ చెయ్యి ఉందమ్మా" అన్నాడాయన.

బొమ్మ చేతిని నేను తప్పుపట్టను. మొదటి నాళ్లలో దాని మీద నేర్చుకోవడమే మంచిది. అయితే బొమ్మ చేతిలో నరం జారదు. బొమ్మ ఏడవదు. మూడుసార్లు గుచ్చినా దాని కొడుకు కోపంతో మీదికి రాడు. డయాలసిస్ రోగి చేతిలో ఫిస్ట్యులా ఉన్నదనీ, ఆ చేతి నుండి రక్తం తీయరాదనీ బొమ్మ చెప్పదు. అవన్నీ మనిషి దగ్గరే నేర్చుకోవాలి, నేర్పేవాడు ప్రక్కన నిలబడి ఉండగా నేర్చుకోవాలి.

మా తెలుగు పండిత శిక్షణ రోజులు గుర్తుకు వచ్చాయి. బోధనాపద్ధతులను గురించి మేము ఎన్ని పుటలు వ్రాసినా, నిజమైన పాఠశాలకు పంపి, నిజమైన పిల్లల ఎదుట పాఠం చెప్పించి, వెనుక బల్ల మీద కూర్చొన్న మా గురువుగారు లోపాలు వ్రాసిస్తే గాని శిక్షణ పూర్తి అయినట్లు కాదు. పద్యం తప్పు చెబితే పిల్లవాడికి ఒక మార్కు పోతుంది. అంతమాత్రపు పనికే అంత కట్టుదిట్టం ఉన్నప్పుడు, నెత్తురుతో వ్యవహరించేవారికి "ఇంట్రెస్టు" ఉంటేనే ఆసుపత్రి అట!

అడ్వాన్సు తిరిగి రాలేదు. సర్టిఫికెట్ల కోసం ఆ తండ్రి మూడుసార్లు తిరిగాడు, నాలుగవసారి నేను వెంట వెళితే ఇచ్చారు. ఆ అమ్మాయి మరుసటి విడతలో ప్రభుత్వ వైద్యకళాశాలలో డిప్లొమా సీటు తెచ్చుకొన్నది.

ఇది కేవలం నా చాదస్తమని అనుకొనేవారికి చట్టం సంగతి చెబుతాను. 2021లో పార్లమెంటు జాతీయ అనుబంధ, ఆరోగ్యసంరక్షణ వృత్తుల కమిషన్ చట్టాన్ని చేసింది. ఈ వృత్తులను పది వర్గాలుగా విభజించింది. టెక్నీషియను వంటి అనుబంధ ఆరోగ్య వృత్తినిపుణుడి చదువు 2 నుండి 4 సంవత్సరాలలో 2,000 గంటలకు తగ్గరాదనీ, డిగ్రీ చదివిన ఆరోగ్యసంరక్షణ వృత్తినిపుణుడికి 3 నుండి 6 సంవత్సరాలలో 3,600 గంటలకు తగ్గరాదనీ అందులో నిర్వచించారు. ఇప్పుడు లెక్క వేయండి. రోజుకు రెండు గంటల తరగతి, ఏడాదికి 250 రోజులు, రెండేళ్లు. మొత్తం 1,000 గంటలు. తక్కిన వెయ్యి గంటలు ఎక్కడ? "వారానికి రెండు రోజులు వస్తే చాలు, పరీక్షలు మేము చూసుకొంటాము" అనే చోట ఆ వెయ్యి కూడా ఉండదు. ఇంట కూర్చొని దూరవిద్యలో ఈ డిగ్రీలు తెచ్చుకొనే దారిని కూడా యూజీసీ 2025 జూలై-ఆగస్టు విద్యాసంవత్సరం నుండి మూసివేసింది. ఆ చట్టం పరిధిలోని చదువులను దూరవిద్యలోగాని ఆన్‌లైనులోగాని చెప్పరాదని ఉత్తర్వు. ఇంకా ఎవరైనా పొరుగు రాష్ట్రపు విశ్వవిద్యాలయం పేరు చెప్పి ఇంటికే పట్టా తెస్తామంటే ఆ మనిషిని గుమ్మం దాటనివ్వకండి.

నాకు ఎదురయ్యే ఆక్షేపణ ఒకటున్నది, అది తేలికైనది కాదు. "మేస్టారూ, ఆడపిల్లను హైదరాబాదుకో విశాఖకో పంపలేము. మా మండలంలో ఉన్నది ఇదొక్కటే. లేనిదానికన్నా ఉన్నది మేలు కదా?" ఈ తల్లిదండ్రుల కష్టం నేనెరుగుదును. కానీ లేనిదానికన్నా ఇది మేలు కాదు. రెండు సంవత్సరాలు పోతాయి, ఫీజు రీయింబర్స్‌మెంటు అర్హత ఖర్చయిపోతుంది, చివరికి ఆ పిల్ల ఏ ల్యాబుకు వెళ్లినా "పని వచ్చా?" అని అడిగి, రాదని తెలుసుకొని, నేర్పే పేరుతో ఏడాది పాటు నామమాత్రపు జీతానికి ఊడిగం చేయించుకొంటారు. కళాశాల నేర్పవలసినది అక్కడ, రోగుల మీద, పర్యవేక్షణ లేకుండా నేర్చుకొంటుంది. అంతకంటె దగ్గరలోని జిల్లా ఆసుపత్రితో నిజంగా ముడిపడిన చిన్న కళాశాల వేయిరెట్లు మేలు. ప్రైవేటువన్నీ చెడ్డవనీ, ప్రభుత్వానివన్నీ గొప్పవనీ నేను అనడం లేదు. సొంత ఆసుపత్రి పెట్టుకొని, పిల్లలను తెల్లవారుజామున నమూనాల సేకరణకు వార్డులలో తిప్పి పని నేర్పే ప్రైవేటు సంస్థలూ ఉన్నాయి. వాటికీ టైల్సు దుకాణం పైనున్నదానికీ తేడా తెలుసుకోవడమే మన పని.

ఆ తేడా తెలియడానికి నేను అడిగించే ప్రశ్నలు ఇవి.

ఒకటి: కళాశాలకు అనుమతి ఎవరిచ్చారు? డిప్లొమా అయితే రాష్ట్రంలో అనుమతులిచ్చే అధికార సంస్థ జాబితాలోను, డిగ్రీ అయితే ఆరోగ్య విశ్వవిద్యాలయం జాబితాలోను (ఆంధ్రప్రదేశ్‌లో విజయవాడ ఎన్‌టీఆర్, తెలంగాణలో వరంగల్లు కాళోజీ నారాయణరావు విశ్వవిద్యాలయం) ఆ పేరు, ఆ కోర్సు, ఆ సీట్ల సంఖ్య ఉన్నవేమో మీరే చూడండి. వారు చూపించే నకలు చూడకండి. ఒక కోర్సుకు అనుమతి ఉండి ఐదు కోర్సులు నడిపేవారు ఉంటారు.

రెండు: ఆసుపత్రి ఏది, పడకలెన్ని? జవాబు విని ఊరుకోక ఆ ఆసుపత్రికి వెళ్లండి. ల్యాబు ముందు నిలబడి "ఫలానా కళాశాల పిల్లలు ఇక్కడికి వస్తారా?" అని అక్కడి ఉద్యోగిని అడగండి. కార్యాలయంలో గంటసేపు మాట్లాడినా తెలియనిది అయిదు నిమిషాలలో తెలుస్తుంది.

మూడు: చెప్పేవారెవరు? పాథాలజీ, మైక్రోబయాలజీ, బయోకెమిస్ట్రీ చదివినవారా, లేక నిరుడు అక్కడే ఉత్తీర్ణుడైన కుర్రవాడా?

నాలుగు: ల్యాబు కోర్సు అయితే, నాణ్యతా నియంత్రణ పటం చూపమనండి. యంత్రం సరిగా పనిచేస్తున్నదో లేదో ప్రతిరోజూ తెలిసిన నమూనాతో పరీక్షించి చుక్కలు పెట్టే పటం అది. లెవీ, జెన్నింగ్స్ అనేవారు 1950లో దానిని ప్రయోగశాలలకు తెచ్చారు. ఆ పేరు వినగానే తెల్లముఖం వేసే చోట పిల్లను చేర్చకండి.

ఐదు: ఎక్స్‌రే, సీటీ కోర్సు అయితే, శిక్షణలో ఉన్న పిల్లలకు టీఎల్‌డీ బ్యాడ్జీ ఇస్తారా? ఒంటికి తగిలిన రేడియేషన్ లెక్క తెలిపే బిళ్ల అది. మూడు నెలలకొకసారి పంపి చదివిస్తారు. అది ఇవ్వని చోట మీ బిడ్డ ఆరోగ్యానికి లెక్క లేదని అర్థం.

ఆరు: హెపటైటిస్-బి టీకా మూడు మోతాదులు (మొదటిరోజు, నెలకు, ఆరు నెలలకు) వేయిస్తారా? సూది గుచ్చుకొంటే ఎవరికి చెప్పాలి? హెచ్‌ఐవీ నివారణ మందు వీలైనంత త్వరగా, 72 గంటలలోపే మొదలుపెట్టాలి. ఈ ప్రశ్నకు తడుముకొనకుండా జవాబు చెప్పిన కళాశాలకు నిజమైన ఆసుపత్రి ఉన్నదని నమ్మవచ్చు. బొమ్మ చేతితో చెప్పేవాడికి ఈ భయం ఉండదు.

ఏడు: అసలు సర్టిఫికెట్లు అట్టిపెట్టుకొంటారా? విశ్వవిద్యాలయాలూ వాటి అనుబంధ కళాశాలలూ సరిచూచుకొని వెంటనే తిరిగి ఇవ్వాలని యూజీసీ 2018లోనే చెప్పింది. రీయింబర్స్‌మెంటు ఆలస్యమైనప్పుడు పిల్ల పదవ తరగతి సర్టిఫికెట్టును తాకట్టు వస్తువుగా వాడుకొనే చోటు విద్యాలయం అనిపించుకోదు.

ఉద్యోగ హామీ గురించిన ప్రశ్న నేను వ్రాయలేదు. మరచిపోయి కాదు. పని వచ్చినవారికి ఆ హామీతో అవసరం లేదు, రానివారికి దానివలన ప్రయోజనం లేదు.

మిత్రులారా, మీలో చాలామంది బెంగుళూరులోనో, బోస్టనులోనో, దుబాయిలోనో ఉన్నారు. ఏటా వేసవిలో మీకు ఊరినుండి ఫోను వస్తుంది: "బాబాయ్, చెల్లాయిని ల్యాబు కోర్సులో చేరుస్తున్నాం, కొంచెం సర్దగలవా?" మీరు సర్దుతారు, అది మీ మంచితనం. అయితే డబ్బు పంపే ముందు "ఆసుపత్రి ఏది?" అని అడగండి. జవాబు రాకపోతే పది రోజులు ఆగమనండి. జాబితా మీరే అంతర్జాలంలో చూచి పెట్టండి. మీ రూపాయలు ఆ టైల్సు దుకాణం పైఅంతస్తుకు చేరకుండా ఆపగలిగినది మీరే. రేపు మీ తల్లిగారు మీ ఊరి ల్యాబులో చేయి చాచినప్పుడు సూది పట్టుకొనేది ఈ పిల్లలలో ఒకరే.

మీ మీ ఊళ్లలోని మంచి కళాశాలలు, నిజంగా వార్డులలో తిప్పి నేర్పేవి, మీ ఎరుకలో ఉంటే వ్యాఖ్యలలో తెలుపగలరు. మా ఇంటికి వచ్చేవారికి చెబుతాను.